పదకొండు నెలల కాగితం, ముప్పై ఏళ్ళ చెట్టు

(భిలాయిలో తెలుగు విద్యార్థులు, కార్మిక కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉక్కు ఊళ్ళో కాఫీ, కోకో గురించి ఏం మాట్లాడతావని పొద్దున్న మా నాన్న అడిగాడు. "చాక్లెట్ చెట్టు గురించి చెప్తే ఖుర్సీపార్ వాళ్ళు కూర్చుని వింటారా?" అన్నాడు. వింటారనే నమ్మకంతో వచ్చాను. మా కుటుంబం ఈ ఊళ్ళో ఉండటానికి కారణం ఒక చెట్టు. మీలో కొందరి ఇళ్ళలోనూ ఇలాంటి కథ ఉండే ఉంటుంది.

మా తాతది శ్రీకాకుళం వైపు ఒక పల్లె, మాలపేట. బుగత దగ్గర ఎకరంన్నర మెట్ట కౌలుకు చేసేవాడు. కాగితం లేదు, నోటిమాటే. ఒక వానాకాలం గట్టు మీద రెండు మామిడి టెంకలు పాతిపెట్టాడు. మొక్కలు మోకాలెత్తు వచ్చాయి. బుగత పొలం చూడటానికి వచ్చి తిట్టలేదట, కొట్టలేదట. వంగి రెండు మొక్కల్నీ పీకి గట్టవతల పడేసి, "పంట నీది, చెట్టు నాది. నాటాలంటే నేను నాటాల" అన్నాడట. మరుసటేడు ఆ చెక్క ఇంకొకరికి ఇచ్చేశాడు. అప్పుడే భిలాయిలో రష్యావాళ్ళు ఫ్యాక్టరీ కడుతున్నారని, మట్టి పనికి మనుషులు కావాలని ఊళ్ళో తెలిసింది. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955లో జరిగింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరిలో మొదలైంది. ఆ నాలుగేళ్ళ మధ్యలో ఎప్పుడో మా తాత బండెక్కాడు.

ఈ కథని నేను చాలా ఏళ్ళు అవమానం కథగానే విన్నాను. పరిశోధనలోకి వచ్చాక ఇందులో ఉన్నది ఆస్తి లెక్క అని అర్థమైంది. బుగతకు మామిడి మీద కోపమేమీ లేదు. చోడి, పెసర నాలుగు నెలల్లో కోసుకుపోతే పొలంలో మన గుర్తు మిగలదు. చెట్టు నిలబడి ఉంటుంది. పదేళ్ళ చెట్టు కింద నిలబడి "ఇది నాటింది నేనే" అని మాలపేట మనిషి అనగలిగితే, ఆ మాటకు ఊళ్ళో నలుగురు సాక్షులుంటారు. బుగత పీకింది ఆ సాక్ష్యాన్ని.

నేను చదువుతున్నది దీని గురించే. ఏళ్ళ తరబడి ఉండే పంటల్లో భూమి లేనివాళ్ళు కూలీలుగా తప్ప ఇంకో రకంగా ఎందుకు కనిపించరు? ఇవాళ అందులో ఒక ముక్క తీసుకుంటాను. కాఫీ తోటల్లో కోకో వేయొచ్చా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ముందు మొక్కల సంగతి చెప్తాను. అది తెలియకుండా హక్కుల సంగతి మాట్లాడితే గాల్లో మాటలవుతాయి.

కోకో అమెరికా ఖండపు వానాడవుల చెట్టు. పెద్ద చెట్ల నీడలో పెరగడం దాని అలవాటు. కాయలు కొమ్మల చివర కాయవు, మొద్దుకే నేరుగా పూత పూసి అక్కడే కాస్తాయి. మొదటిసారి చూసినప్పుడు ఎవరో కాయల్ని తెచ్చి అంటించినట్టు అనిపిస్తుంది. నాటిన మూడో ఏడు నుంచి కాపు మొదలవుతుంది, బాగా చూసుకుంటే ముప్పై ఏళ్ళు కాస్తుంది. కాయ పగలగొడితే లోపల ముప్పై నలభై గింజలు తెల్లటి తియ్యటి గుజ్జులో ఉంటాయి. వాటిని కుప్పపోసి కప్పెట్టి ఐదారు రోజులు పులియబెడతారు, మధ్యలో కలియబెడతారు. పులిసేటప్పుడు కుప్పలో పుట్టే వేడికే గింజ లోపల చాక్లెట్ రుచికి పునాది పడుతుంది. తర్వాత ఎండబెడతారు. మూడు కిలోల పచ్చి గింజలకు సుమారు కిలో ఎండు గింజలొస్తాయి.

ఇక్కడ ఒక చిన్న విషయం, కానీ చాలా ముఖ్యం. కుప్ప చిన్నదైతే వేడి పుట్టదు. పది చెట్లున్న మనిషి సొంతంగా పులియబెట్టలేడు. పచ్చి గింజలే అమ్ముకోవాలి, కొనేవాడు చెప్పిన ధరకే.

కాఫీ కూడా నీడ మొక్కే. అసలు చిక్కు అక్కడే ఉంది. అరకు, పాడేరు తోటల్లో మిరియాల తీగను సిల్వర్ ఓక్ చెట్టుకు పాకిస్తారు. మిరియం పైకి పోతుంది, కాఫీ కిందే ఉంటుంది, ఇద్దరికీ తగువు రాదు. కోకో అలా కాదు. కాఫీ ఉండే అంతస్తులోనే తనూ ఉండాలనుకుంటుంది. దాని వేళ్ళు కూడా పైమట్టిలోనే తిండి వెతుక్కుంటాయి. నాలుగైదేళ్ళకు గొడుగులా విస్తరించి పక్క కాఫీ మొక్కను కమ్మేస్తుంది. కొమ్మలు కత్తిరించకుండా వదిలేస్తే మెల్లగా అది కోకో తోటే అవుతుంది.

ఎత్తు సంగతి కూడా చూడాలి. మన మన్యంలో పెంచేది ఎక్కువగా అరబికా. దానికి చల్లటి కొండ కావాలి. కోకోకు వెచ్చదనం, గాలిలో తేమ కావాలి. చింతపల్లి, లంబసింగి వైపు చలికాలం రాత్రులు ఎలా ఉంటాయో వెళ్ళొచ్చినవాళ్ళకు తెలుసు, కోకో అక్కడ వణికిపోతుంది. కాబట్టి "అరకు కాఫీలో కోకో వేద్దాం" అనేవాళ్ళకు నా మొదటి సమాధానం, అక్కడ వద్దు. రొబస్టా రకం కాఫీ ఉన్న కింది కొండల్లో, రంపచోడవరం వైపు లోయల్లాంటి చోట్ల ఆలోచించొచ్చు.

మరి ఈ ప్రశ్న ఇప్పుడెందుకు వచ్చింది? ఎండలు పెరుగుతున్నాయి. మధ్య అమెరికాలో 2012-13లో ఆకుతుప్పు తెగులు కాఫీ తోటల్ని దెబ్బతీసింది. తక్కువ ఎత్తులో ఉన్న చిన్న రైతులకు కాఫీ ఇక గిట్టదనిపించింది. రేపటి వాతావరణంలో ఆ కింది కొండల్లో కొంత మేర కోకోకు మారాల్సి వస్తుందని అక్కడి శాస్త్రవేత్తలు లెక్కలు కడుతున్నారు. రెండో కారణం ధర. ప్రపంచం తినే కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనా దేశాలదే. అక్కడ తెగుళ్ళు, వాతావరణం కలిసి పంటను పడగొట్టాయి. 2024లో అంతర్జాతీయ మార్కెట్‌లో టన్ను పదివేల డాలర్లు దాటింది. ఆ వేసవిలో ఏలూరు జిల్లాలో ఎండు గింజలు కిలో వెయ్యి రూపాయల దాకా పలికాయి. 2025 వేసవికి అది సగానికి పడిపోయింది. రైతులు రోడ్డెక్కారు, ప్రభుత్వం కంపెనీలతో కూర్చుని బేరం చేయాల్సి వచ్చింది. ఇది కొత్తేమీ కాదు. కేరళలో 1980ల మొదట్లో కొనేవాళ్ళు చేతులెత్తేసినప్పుడు రైతులు కోకో చెట్లు నరికేశారు. కాబట్టి కోకో మనల్ని ఉద్ధరిస్తుందని చెప్పడానికి నేను ఇక్కడికి రాలేదు. ధర పడినా తట్టుకునేది ఎవరు, పెరిగినప్పుడు పట్టుకునేది ఎవరు అన్నదే నా ప్రశ్న.

దేశంలో కోకో ఎక్కువగా పండించేది ఆంధ్రప్రదేశే. ఏలూరు, పశ్చిమ గోదావరి, కోనసీమ వైపు కొబ్బరి, పామాయిల్ తోటల మధ్య అంతరపంటగా వేశారు. పామాయిల్ నీడ, బోరు నీళ్ళు, డ్రిప్పు అన్నీ ముందే ఉన్న తోటలవి. అంటే భూమి, పెట్టుబడి, మూడేళ్ళు ఆగే ఓపిక ఉన్నవాళ్ళవి. ఆ తోటల్లోకి మన పేటలవాళ్ళు కాయ కోయడానికి, పగలగొట్టడానికి వస్తారు. కత్తి పెడితే గింజ తెగుతుంది, అందుకని చెక్కతో కొడతారు. చేతులు గుజ్జుతో జిగురుపట్టి, ఈగలు ముసురుతుంటాయి. మెట్టలో ఒక పిన్నితో రెండు రోజులు కూర్చున్నాను. ఆమెకు గింజ పులిసిందో లేదో వాసనతో తెలుస్తుంది, కుప్పలో చేయి పెట్టి "రేపు తిప్పాలి" అంటుంది. నేను పుస్తకాల్లో చదివినదాన్ని ఆమె చేత్తో చెబుతోంది. "కిలో వెయ్యి అయినప్పుడు మీకేమన్నా పెరిగిందా పిన్నీ?" అని అడిగాను. "కాపలా పెరిగింది" అంది. కాయలు ఎవరైనా ఎత్తుకుపోతారని తోటకు మనిషిని పెట్టారట.

సరే, కూలీగా కాకుండా కౌలుదారుగా ఆమె ఇంట్లోవాళ్ళు కోకో పెట్టలేరా? ఇక్కడ కాగితం చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. కౌలుదారుకు కార్డు ఇస్తుంది, పంట రుణానికి, బీమాకు పనికొస్తుంది. మంచిదే. కానీ ఆ ఒప్పందం పదకొండు నెలలకు. దానికి భూమి యజమాని సంతకం ఉండాలి. చట్టం పేరులోనే ఉంది చూడండి, పంట. భూమి మీద యజమాని హక్కుకు ఏ ఇబ్బందీ రాదని భరోసా ఇచ్చి మరీ రాసిన చట్టమది. పదకొండు నెలల్లో వరి కోయొచ్చు, మినుము తీయొచ్చు. కోకో మొదటి కాయ చూడాలంటే ఇలాంటి కాగితాలు మూడు అయిపోవాలి. మూడుసార్లూ యజమాని సంతకం పెట్టాలి. నాలుగోసారి, కాయలు కళ్ళముందు వేలాడుతుంటే, ఎందుకు పెడతాడు?

మా తాత గట్టు మీద మామిడి పీకిన బుగతకు చట్టం తెలియదు. కానీ ఆయన మనసులో మాటే 2019 నాటికి నెలల లెక్కతో సహా చట్టమైంది.

చెట్టు నాటినవాడికి వాటా ఇవ్వడం లోకంలో ఎక్కడా లేనిదా అంటే, ఉంది. ఘనాలో 'అబును' అనే పద్ధతి ఉంది. భూమి ఉన్నవాడు బీడు ఇస్తాడు. లేనివాడు కోకో నాటి, కలుపు తీసి, కాపుకొచ్చేదాకా పెంచుతాడు. కాపుకొచ్చాక తోటను చెరిసగం పంచుకుంటారు. నాటిన శ్రమే వాటాగా మారుతుంది. దాన్ని స్వర్గమని చెప్పడం లేదు. అక్కడ ఆడవాళ్ళ శ్రమ ఎలా మాయమవుతుందో, పిల్లలచేత ఎలా పనిచేయిస్తారో లోకమంతా మాట్లాడుతోంది. అయినా అక్కడ భూమిలేని మనిషి చెట్టు నాటితే అది వాటాకు మొదలు, మన దగ్గర అదే పని భూమి పోగొట్టుకోవడానికి మొదలు. ఈ తేడా అంతా మట్టిదే అని నాకు చెప్పకండి.

ఇప్పుడు మన్యానికి వద్దాం. అక్కడ కథ ఇంకో రకం. భిలాయివాళ్ళకు ఆ దారి తెలిసే ఉంటుంది. బైలదిల్లా ఇనుప ఖనిజం 1960ల చివరి నుంచి కిరండూల్-కొత్తవలస లైను మీద, అరకు సొరంగాల గుండా, కాఫీ తోటల పక్క నుంచి విశాఖకు పోతోంది. ఆ లైను పక్కన ఆదివాసీ కుటుంబాలు ఎకరం, రెండెకరాల్లో కాఫీ పెంచుతున్నాయి. ప్రభుత్వ లెక్కల్లో మొత్తం రెండు లక్షల ఎకరాల పైమాటే. 'అరకు వ్యాలీ అరబికా'కు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం కూడా వెలిసింది. భూమి ఆదివాసీ చేతిలో ఉండబట్టే ఇది సాధ్యమైంది. 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దాన్ని గట్టిపరిచిన 1/70, 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు లేకపోతే, ఆ కొండల మీద ఇవాళ ఎస్టేట్లు ఉండేవి, ఆదివాసీలు వాటిలో కూలీలుగా ఉండేవారు. కూర్గు తోటల్లో ఎవరు యజమానులో, కూలి లైన్లలో ఉండేది ఎవరో చూసినవాళ్ళకు ఈ మాట వివరించక్కర్లేదు.

2006 అటవీ హక్కుల చట్టంలో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. భూమిని చదును చేశామని, గట్లు వేశామని చూపిస్తే అది సాగుకు సాక్ష్యంగా పనికొస్తుంది. పట్టా భార్యాభర్తలిద్దరి పేరా రావాలి. మైదానంలో కౌలుదారుడి శ్రమ గుర్తు అతనికి ముప్పు. కొండ మీద అదే గుర్తు హక్కుకు ఆధారం. మనం మైదానంలో అడగాల్సిన సూత్రం ఆ చట్టంలోనే ఉంది.

కానీ అక్కడా ఒక మెలిక ఉంది. నీడ తోటల సేద్యమంటే నీడను సర్దడమే. కోకో పెట్టాలంటే పైన సిల్వర్ ఓక్ కొమ్మలు తీయాలి, కొన్ని చెట్లను పూర్తిగా తీయాలి. లేత మొక్కకు ఎక్కువ నీడ, కాపు చెట్టుకు తక్కువ నీడ. ఏటా చూసుకుంటూ ఉండాలి. అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు ఇచ్చింది గానీ, ఆ లెక్కలోకి కలప రాదు. కాఫీ పండు కోసుకో, మిరియం కోసుకో, పెద్ద చెట్టు జోలికి వెళ్ళాలంటే మాత్రం అనుమతుల కోసం తిరుగు. నేల మీద హక్కు ఉంది, నీడ మీద లేదు. కోకో ప్యాకేజీల గురించి మాట్లాడే సభల్లో మొక్కల సబ్సిడీ, ఎరువుల మోతాదు వినిపిస్తాయి. గొడ్డలి ఎవరి చేతిలో ఉంటుందన్న మాట నాకు ఒక్కసారీ వినపడలేదు.

ఇంకొక మాట. మనలో మనం మాట్లాడుకోవడానికి ఇబ్బందిపడే మాట. కొండ మీద అందరికీ ఒకే హక్కు లేదు. ఒడిశా కోరాపుట్‌లో కూడా కాఫీ ఉంది, అదే కొండ వరస. అక్కడ డోంబులు షెడ్యూల్డ్ కులం. అటవీ హక్కు కావాలంటే ఆదివాసీ 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉంటే చాలు. డోంబు కుటుంబం అంతకుముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, అక్కడే ఉన్నట్టు చూపించాలి. ఏ కాగితంలోనూ పేరు రాయనివ్వని మనుషుల్ని 75 ఏళ్ళ ఆధారం అడుగుతోంది చట్టం. దీని పేరు చెప్పి 1/70ని సడలించాలనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు దళితుల మీద ప్రేమతో ఆ మాట అనడం లేదు, ఆ సందులోంచి వచ్చేది మళ్ళీ మైదానపు షావుకారే. ఆదివాసీ భూమి రక్షణ చెక్కుచెదరకుండా డోంబుకు చెట్టు హక్కు ఎలా అన్నది నా థీసిస్‌లో ఇంకా తెగని అధ్యాయం. మా గైడ్ అడిగినా ఇదే చెప్తున్నాను.

బాబాసాహెబ్ 1918లో చిన్న కమతాల మీద ఒక వ్యాసం రాశారు. అప్పటికి ఆయన వయసు దాదాపు ఇప్పటి నా వయసే. కమతం చిన్నదా పెద్దదా అన్నది ఎకరాలతో తేలదు, దాని మీద పెట్టే పెట్టుబడి, పనిముట్లు, శ్రమ నిష్పత్తితో తేలుతుందని ఆయన వాదన. వ్యవసాయంలో ఊరికే ఇరుక్కుపోయిన శ్రమను పరిశ్రమలు లాక్కోవాలన్నారు. భిలాయి ఆ మాటకు నిలువెత్తు ఉదాహరణ. మా తాతను పొలం నుంచి లాక్కుంది. మా నాన్నను చదివించింది. కానీ ఇవాళ మీ ఇళ్ళలోనే చూడండి, తాతది పర్మనెంటు ఉద్యోగం, మనవడిది కాంట్రాక్టు గేట్‌పాసు. అదీ నెలల లెక్కే. పదకొండు నెలలు భూమికే పరిమితం కాలేదు.

ఆ వ్యాసం చదువుతూ నాకు తట్టింది ఇది. పేదవాడి దగ్గర పెట్టుబడి ఉండదు, శ్రమ ఉంటుంది. శ్రమను దాచుకునే చోటు కావాలి. బ్యాంకులో దాచలేం, వరిలో దాచలేం. చెట్టులో దాచొచ్చు. ఈ ఏడు తవ్విన గుంత, పోసిన బిందెడు నీళ్ళు, కత్తిరించిన కొమ్మ ఐదేళ్ళ తర్వాత కాపుగా తిరిగొస్తాయి. ఎకరంలోనే కాఫీ, కోకో, మిరియం కలిస్తే, ఒకదాని ధర పడ్డ ఏడు ఇంకొకటి ఆదుకోవచ్చు. అంటే ఎకరం పెరగకుండానే కమతం పెద్దదవుతుంది. కావలసింది వ్యవధి. భూమిలేనివాళ్ళకు మన చట్టాలు ఇవ్వనిది అదే. 1947లో 'రాష్ట్రాలు, మైనారిటీలు'లో ఆయన వ్యవసాయం ప్రభుత్వ పరిశ్రమ కావాలని, భూమిని కులభేదం లేకుండా కౌలుకివ్వాలని, నీళ్ళు, విత్తనం, ఎరువు ప్రభుత్వమే సమకూర్చాలని రాశారు. అది దూరపు కల అనేవాళ్ళను ఒకటే అడుగుతాను. ఎస్సీ కార్పొరేషన్ కొనిచ్చిన భూములున్నాయి, ప్రభుత్వం పంచిన అసైన్డ్ భూములున్నాయి. మెట్టలో వాటిలో ఎన్ని బోరు లేక, పెట్టుబడి లేక పక్క ఆసామి చేతికి పోయాయి? పామాయిల్‌కు డ్రిప్పు సబ్సిడీ ఇచ్చిన చేత్తోనే వాటికీ ఇవ్వొచ్చు. పది కుటుంబాలకు ఒక పులియబెట్టే షెడ్డు కట్టొచ్చు. చెట్టు పంటకు పెట్టే కౌలు చెట్టు వయసుకు తగ్గట్టు ఉండాలని, ఖాళీ చేయిస్తే చెట్టు విలువ కట్టి ఇవ్వాలని చట్టంలో రెండు వాక్యాలు చేర్చొచ్చు.

మీకు దగ్గరలోదే ఒకటి చెప్పి ఆపుతాను. ఇక్కడి నుంచి కాంకేర్, కొండగావ్ దాటి జగదల్‌పూర్ అవతల దర్భా కొండల్లో 2017 తర్వాత కాఫీ వేశారు. జగదల్‌పూర్ ఉద్యానవన కళాశాల వాళ్ళు మొదలుపెట్టింది, ఇప్పుడు బస్తర్ కాఫీ అని అమ్ముతున్నారు. కొండగావ్ దగ్గర కోపాబేడాలో కొబ్బరి బోర్డు క్షేత్రం ఎప్పటినుంచో ఉంది. కాఫీ వచ్చింది, కొబ్బరి ఉంది. కోకో మాట రావడానికి ఎంతో కాలం పట్టదు. అది వచ్చే రోజుకు దర్భాలో ఆ భూముల కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో, నీడ చెట్లు ఎవరి లెక్కలో ఉన్నాయో తెలిసినవాళ్ళు కావాలి. ఇక్కడ హిందీ, హల్బీ వచ్చిన తెలుగు విద్యార్థులున్నారు. వచ్చే సెలవుల్లో నాతో రాగలిగినవాళ్ళు పేరివ్వండి.

ఇంకొక చిన్న కోరిక. మీలో చాలామందికి ఊళ్ళో, శ్రీకాకుళం, విజయనగరం వైపు, అన్నదమ్ములో మేనమామలో కౌలు చేస్తూ ఉంటారు. వాళ్ళ దగ్గర కౌలు కార్డు ఉంటే ఫోటో తెప్పించండి. ఏ నెల నుంచి ఏ నెల దాకా రాశారో, గట్టు మీద చెట్ల ప్రస్తావన ఏమైనా ఉందో చూడాలి. కార్డు లేకపోతే ఎందుకు లేదో అడిగి రాసుకోండి. చాయ్ తాగేటప్పుడు నేను ఇక్కడే ఉంటాను.

జై భీమ్.